చింతపండుతో తోమిన హాలీ సిక్కా

వాపసు వచ్చిన నాణేలకు ఒక వాసన ఉంటుంది. చింతపండు, పసుపు, కర్పూరం, వాటి అడుగున కాస్త బూడిద. దీపావళి వెళ్ళిన మూడో రోజు నుంచి మా దుకాణం నిండా అదే వాసన. లక్ష్మీపూజలో పాతకాలపు వెండి రూపాయి పెడితే ఇంటికి మంచిదని ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, పండగకు రెండు రోజుల ముందు జనం ఉరుకులు పరుగుల మీద వచ్చి కొంటారు. ఇంటికి తీసుకుపోయి, నల్లగా ఉందని చింతపండు, బూడిద వేసి, కొబ్బరి పీచు పెట్టి తళతళలాడేదాకా తోముతారు. కుంకుమ దిద్దుతారు, హారతి ఇస్తారు. ఆ తర్వాత "మా ఇంట్ల వద్దంటున్నరు సేటు" అని వెనక్కి పట్టుకొస్తారు. అమ్మవారు వచ్చి వెళ్ళిపోయింది, ఇంక ఆ రూపాయితో వాళ్ళకు పనేముంది?

తోమిన నాణెం దెబ్బతిన్న నాణెమే. పాత వెండి మీద పట్టిన నలుపు చూసే దాచుకునేవాళ్ళు డబ్బు పెడతారు. అది పట్టడానికి డెబ్బై ఎనభై ఏళ్ళు కావాలి, పోవడానికి పది నిమిషాలు చాలు. ఈ మాట చెబితే కొనేవాళ్ళు నన్ను వింతగా చూస్తారు. మురికి పోగొడితే తప్పా అని ఒకావిడ నిలదీసింది. శుభ్రం చేసి తెచ్చినందుకు పైన ఏమైనా ఇస్తారా అని ఇంకొకాయన అడిగాడు. నవ్వే ఓపిక ఉన్న రోజుల్లో నవ్వేవాణ్ణి.

నేను మొదటినుంచీ ఈ వ్యాపారంలో లేను. నల్లగొండలో గడియారం చౌరస్తా పక్క సందులో ముప్పై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేశాను. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక టైము కోసం మణికట్టు చూసుకునేవాళ్ళు తగ్గిపోయారు. తెలంగాణ వచ్చేనాటికి నా బల్ల మీది భూతద్దం తుడవడానికి తప్ప చేతికి రావడం లేదు. సరదాగా పోగేసిన పాత నాణేలు కొన్ని అద్దాల పెట్టెలో పడి ఉండేవి. ఒకరోజు ఒకాయన వచ్చి, గడియారం సంగతి ఎత్తకుండా వాటి ధర అడిగాడు. అలా మొదలైంది. అణాలు, చిల్లు పైసలు, రాణి బొమ్మ రూపాయిలు. అన్నిటికంటే ఎక్కువగా అడిగేది చార్మినార్ బొమ్మ ఉన్న నైజాం వెండి రూపాయి. మా వైపు పెద్దవాళ్ళు దాన్ని హాలీ సిక్కా అంటారు.

ఇందులో సుఖం ఉంటుందనుకున్నాను. గడియారం అయితే బాగుచేసి ఇచ్చాక మళ్ళీ ఆగిపోతుంది, మనిషి తిట్టుకుంటూ వస్తాడు. నాణెం ఆగిపోయేది కాదు కదా. కానీ తిట్టుకుంటూ రావడానికి జనానికి గడియారమే ఉండాలని లేదు. ఫోన్లో ఫోటో చూసి తెప్పించుకున్నవాళ్ళు, ఫోటోలో పెద్దగా కనబడింది, చేతిలోకి వస్తే ఇంత చిన్నగా ఉందేమిటని తిప్పి పంపేవారు. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలొస్తాయని ఏ ఫోన్లో చూశారో, వారానికి ఒకరైనా అది పట్టుకొచ్చి, రావని చెబితే నేనే నొక్కేస్తున్నట్టు మొహం పెట్టేవారు. ఇవన్నీ ఒక ఎత్తు, దీపావళి వాపసులు ఒక ఎత్తు. కొన్నేళ్ళు అంతా పూర్తి డబ్బుతో వెనక్కి తీసుకున్నాను. తోమిన రూపాయిలు ఒక రేకు డబ్బాలో పోగుపడ్డాయి. చివరికి విసుగెత్తి బోర్డు రాయించాలనుకున్నాను.

ఆ రోజు మా ఇంటామెతో గొడవైంది. దుకాణంలో సగం నాది, సగం ఆమె కుట్టు మిషనుది. మధ్యలో గోడ లేదు, అందుకని నా వ్యాపారం మొత్తం ఆమె చెవుల మీదుగానే నడుస్తుంది.

"వాపసు తెస్తే పదోవంతు కోసుకుంట," అన్నాను.

"అందరికా?"

"అందరికీ."

"తప్పు ఎవ్వరిదో చూసి కొయ్యరాదు? కొన్నోళ్ళ తప్పుంటే కోసుకో. అమ్మినోళ్ళ తప్పుంటే ఎట్ల కోస్తవయ్యా? నేను కుట్టిన జాకెట్ బిగుతైతే ఇప్పి మళ్ళ కుడుత. దానికి పైసలడుగుతనా?"

"ఎవ్వరి తప్పో చూసుకుంట కూసుంటే పొద్దుగూకుతది. ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తరు. నాకు ఇనే ఓపిక లేదు."

"ఇనే ఓపిక లేనోనివి దుకాణమెందుకు తీసినవు?" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇంక నేనేం అన్నా వినపడదు. ఆమె గొడవలు ముగించే పద్ధతి అది.

బోర్డు రాయించాను. "వాపసు తెచ్చిన నాణేలకు పదోవంతు తగ్గించి ఇవ్వబడును. కారణాలు చెప్పవద్దు." రెండో వాక్యం నాకు బాగా నచ్చింది. ఇప్పుడు దాని మీద తెల్ల రంగు పూసి ఉంది. ఎందుకు పూశానో చెప్పడానికే ఇదంతా.

ఆ ఏడాది దీపావళికి రెండు రోజుల ముందు, గిరాకీ మంచి జోరు మీదున్నప్పుడు, ఒక గొర్ల కాపరి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. భుజం మీద గొంగడి. చేతికర్ర బయట గోడకు ఆనించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచి నా దుకాణంలోకి వచ్చినవాళ్ళు చాలా తక్కువ.

"సేటు, హాలీ సిక్క ఉన్నదా? చార్మినార్‌ది."

"పూజకేనా?"

"పూజకు కాదు. మా అమ్మకు."

కేతేపల్లి దగ్గర వాళ్ళ ఊరు. మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఓ మూల నిలబడి, తర్వాత చెప్పాడు. వాళ్ళమ్మ పెళ్ళికి ఆమె తండ్రి ఒక హాలీ సిక్కా ఇచ్చాడట. ముసలితనం వచ్చేదాకా కొంగున ముడి వేసుకునే తిరిగింది. ఒక ఏడాది గొర్లకు రోగమొచ్చి మంద సగం పడిపోయినప్పుడు, పెట్టెలో భద్రంగా పెడతానని ఆమె దగ్గర తీసుకొని, నకిరేకల్ పోయి అమ్మేశాడు. కొన్నవాళ్ళు దాన్ని కరిగించేశారు. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు కళ్ళు పోయాయి. మంచం దిగడం లేదు.

"రోజు అడుగుతాంది సేటు. నా సిక్క తెచ్చి నా చేతిల పెట్టుమంటది. పెట్టెల ఉన్నది, రేపు తీస్త, ఎల్లుండి తీస్త అనుకుంట దినాలు దాటేస్తున్న. ఇగ ఆమె ఎక్కువ దినాలుండది. నేను అమ్ముకున్ననని ఆమెకు ఎరుక కావద్దు. ఒక్కటి చేతిల పెడితే పాణం నిమ్మలమైతది."

రెండు వేలు చెప్పాను. బేరమాడలేదు. గొర్రెపిల్లను అమ్మిన డబ్బేమో, నోట్లకు ఆ వాసన ఇంకా ఉంది. పళ్ళెంలో నుంచి ఒక రూపాయి తీసి, కాగితంలో చుట్టి ఇచ్చాను. తోమొద్దు అని అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను.

ఆ పళ్ళెంలోని రూపాయిల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంతకు నెల ముందు కొల్లాపూర్ వైపు నుంచి వచ్చానని ఒక మనిషి చిన్న సంచి నిండా తెచ్చాడు. నాణేన్ని రాతి మీద వేసి చప్పుడు వినాలి, ఒక్కొక్కటీ విడిగా తూచాలి, అంచును భూతద్దంలో చూడాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఇంకొకరికి నేర్పినవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం కళ్ళు గుంజుతున్నాయి, పండగ దగ్గర పడుతోంది. పైనున్న నాలుగింటిని రాతి మీద వేసి విన్నాను. మోగాయి. మిగతావన్నీ కలిపి ఒకేసారి తూచాను. ముప్పై ఏళ్ళు వెంట్రుకంత చక్రాలతో పనిచేసిన వాణ్ణి, గంపలో వంకాయలు తూచినట్టు తూచాను.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు కాపరి మళ్ళీ వచ్చాడు. అప్పటికి వరుసలో ఐదారుగురున్నారు, అందరి చేతుల్లోనూ తోమిన రూపాయిలే. పొద్దుటి నుంచి అదే పని. తల పగిలిపోతోంది. ఆయన వంతు రాగానే కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. రూపాయి తళతళ మెరుస్తోంది. చింతపండు వాసన గుప్పుమంది. చార్మినార్ మీనార్ల కొసల్లో ఎర్రగా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "పూజకు కాదంటివి?" అన్నాను. "మరి గా కుంకుమేంది?"

"కుంకుమ కాదు సేటు. మా అమ్మ ఏమన్నదంటే..."

"బోర్డు సూడు. కారణాలు వద్దు."

ఆయనకు చదువు రాదు. వెనక నిలబడ్డ ఒకావిడ చదివి వినిపించింది. ఆయన విని, తల ఊపి అడిగాడు. "దీనికి బదులు ఇంకోటి ఇస్తరా?"

"బదులైనా పదోవంతు కోతే."

ఆయన నన్ను చూశాడు, పళ్ళెంలో ఉన్నవాటిని చూశాడు, వెనక్కి తిరిగి వరుసలో ఉన్నవాళ్ళను చూశాడు. "ఇగ వద్దు తీయండ్రి," అన్నాడు. పద్దెనిమిది వందలు ఇచ్చాను. లెక్కపెట్టుకోకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయట చెప్పులు తొడుక్కొని, కర్ర తీసుకొని వెళ్ళిపోయాడు. మా ఇంటామె మిషను ఆపి ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉంది. నేను తర్వాతి మనిషిని రమ్మన్నాను. వాపసు ఎక్కడినుంచి వచ్చిందో చుట్టిన కాగితం మీద రాసే అలవాటు నాది. కేతేపల్లి అని రాసి, ఆ రూపాయిని రేకు డబ్బాలో పడేశాను.

మాఘమాసంలో మా బజారు అవుసులాయన వచ్చాడు. ఎవరికో వెండి మొలతాడు చేయాలట, తోమిన రూపాయిలుంటే కరిగించడానికి ఇమ్మన్నాడు. డబ్బా ఆయన ముందు బోర్లించాను. చుట్టిన కాగితాలు విప్పుతూ బల్ల మీద ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. టంగు, టంగు. ఒకటి మాత్రం చెక్క మీద చెక్క పడ్డట్టు పడింది. దాన్ని తీసి మీనార్ల కొసలు వేలితో రుద్ది, నా వైపు తోశాడు.

"ఇది వెండి కాదన్నా. రాగి. మీద పూత పూసిండ్రు. చింతపండుతోని తోమితే కొసలకు పూత ఊడి రాగి తేలింది. సూడు."

భూతద్దం పెట్టి చూశాను. కుంకుమ కాదు. కుంకుమ అయితే తడిగుడ్డకు వస్తుంది, ఇది వచ్చేది కాదు. ఒక్కసారి వేలితో తుడిచి ఉంటే ఆ రోజే తెలిసేది. కాగితం మీద నా చేతిరాతతోనే కేతేపల్లి అని ఉంది.

కొల్లాపూర్ మనిషికి ఫోన్ చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదు. నేను వాపసు ఇస్తానంటే తీసుకునేవాడు లేడు. ఆ మాట బయటికి అన్నానేమో, మా ఇంటామె దారం తెంపుతూ, "నువ్వు తీస్కున్నవు గద, పదోవంతు కోసుకోని," అంది. ఆమె చెప్పింది నిజమే.

వెంటనే వెళ్ళాల్సింది. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో. రేపు పోదాం అనుకున్నాను, మోకాలు నొప్పి. వచ్చే వారం అనుకున్నాను, ఏవో పెళ్ళిళ్ళు. నిజం చెప్పాలంటే మోకాలూ కాదు, పెళ్ళిళ్ళూ కాదు. ఆ మనిషి మొహం చూడాలంటే సిగ్గు. ఆ సిగ్గుకు అలసట అని పేరు పెట్టుకొని ఇంట్లో కూర్చున్నాను. వారం అనుకున్నది నెల దాటింది. చివరికి ఒక పొద్దున మంచి రూపాయి ఒకటి ఏరి, మూడుసార్లు రాతి మీద వేసి విని, కోసుకున్న రెండు వందలు వేరే జేబులో పెట్టుకొని బస్సెక్కాను.

నకిరేకల్‌లో బస్సు మారి, కేతేపల్లిలో దిగి, అమ్మ మంచంలో ఉన్న గొర్లాయన ఇల్లు ఎక్కడని అడుగుతూ పోయాను. ఊరి బయట, దొడ్డి పక్కనే రేకుల ఇల్లు. గొర్లను ఇంకా తోలుకుపోలేదు. ఆయన దొడ్డి తడిక విప్పబోతున్నవాడల్లా నన్ను చూసి ఆగాడు. గుర్తుపట్టాడు. కోపం కనబడలేదు. అరుగు మీద గొంగడి పరిచి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"అమ్మ ఎట్లున్నది?" అని అడిగాను.

"పోయింది సేటు. ఇరవై దినాలాయె."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అవుసులాయన వచ్చి వెళ్ళిన మర్నాడే నేను బస్సెక్కి ఉంటే, అప్పటికి ఆమె బతికే ఉంది.

రూపాయి ఖోటాదని, తప్పు నాదేనని, నేను చూడకుండా అమ్మానని చెప్పాను. ఆయనకు కొత్త సంగతేమీ కాదు. నెమ్మదిగా, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

"మీరు తోమద్దంటిరి గని, నేనే తోమిన. మా అమ్మ శుక్కురారం శుక్కురారం చింతపండుతోని తోముకునేది. కండ్లు లేకపాయె గద, వాసన చూస్తదని తోమిన. చేతిల పెట్టిన. ముక్కుకాడ పెట్టుకొని వాసన చూసింది. మొకం నవ్వుమొకమైంది సేటు. ఇగ నమ్మింది అనుకున్న. మంచం పక్కన చెంబు ఉంటది. దాన్ని తడుముకోని, సిక్కతోని కొట్టింది, సప్పుడిన్నది. మళ్ళ కొట్టింది. గిది నాది కాదు బిడ్డా, నాది అమ్ముకున్నవా అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? మళ్ళ ఆమెనే, అమ్ముకుంటే అమ్ముకున్నవు, నాకు చెప్పకపోతివి అన్నది. గంతే. అప్పటిసంది సిక్క మాట ఎత్తలే. పాణం పోయేదాక ఎత్తలే."

దొడ్డిలో గొర్లు బయటికి పోవాలని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన వాటిని అదిలించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"వాపసు తెచ్చిననాడు ఖోటాదని ఎందుకు చెప్పకపోతివి?" అన్నాను. అడిగాక నాకే తెలిసింది, అడగకూడదని.

"చెప్పబోయిన. మీరు వద్దంటిరి," అన్నాడు. "మళ్ళ నలుగురున్నరు గద సేటు. గంతమందిల మీ సరుకు ఖోటాదంటే మీ ఇజ్జత్ ఏం గావాలె? మీకూ ఎరుక లేక ఇచ్చి ఉంటరు. పోనీ తియ్ అనుకున్న."

రెండు వందలు పోగొట్టుకొని ఆయన నా పరువు కాపాడి వెళ్ళాడు. నేనేమో ఆయన అబద్ధమాడుతున్నాడన్నట్టు నలుగురి ముందూ మాట్లాడాను. ఏడుపు వచ్చింది. అరవై దాటిన మనిషిని, పరాయి ఊళ్ళో అరుగు మీద కూర్చొని ఏడిస్తే ఏం బాగుంటుందని నీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

రెండు వందలు తీసి ఇచ్చాను. "ఇవి నావే గద," అని తీసుకున్నాడు. తర్వాత మంచి రూపాయి ఇచ్చాను. దీనికేం ఇవ్వక్కర్లేదు, ఇంట్లో ఉంచుకొమ్మన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నల్లగా ఉంది, తోమలేదు. లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. లోపల నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది. దాని పక్కనే నేల మీద రాగి చెంబు. చెంబు చేతిలోకి తీసుకొని, రూపాయితో ఒకసారి కొట్టాడు.

మోగింది. సన్నగా, చాలాసేపు.

"గిదే సప్పుడు," అన్నాడు. మళ్ళీ కొట్టాడు. చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదలకుండా ఉన్నాం. ఆయన మంచం వైపు చూశాడు. బయటికి వచ్చి, రూపాయిని నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే ముడిచాడు.

"వాపసు తీస్కోండ్రి సేటు," అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు.